షుకూర్ కోసం వదిలిన జాగా

రంగారెడ్డి జిల్లా శామీర్‌పేటలో కాపురముంటున్న శంకరయ్య అను నేను, వయసు అరవై మూడు, వృత్తి ఒకప్పుడు ఆర్టీసీ కండక్టరు, ప్రస్తుతం పేపరు చదువుట, ఎవరూ బెదిరించకుండా, బుజ్జగించకుండా, మందు తాపకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. షుగరు ఉంది, బీపీ ఉంది, మతి మాత్రం సరిగ్గా ఉంది. సరిగ్గా లేని రోజు కూడా ఒకటి ఉండింది. దాని సంగతి నాలుగో షరతులో వస్తుంది. దస్తావేజు రాసే పరమేశ్ అప్పుడే కలం ఆపి, "ఆస్తి ముచ్చట జెప్పు పెద్దమనిషీ, గివన్ని వీలునామల రాయరు" అంటున్నాడు. రాయమన్నాను. కూలీ ఇస్తున్నది నేను.

1. నా స్వార్జితమైన ఇల్లు, ఇంట్లోని సామానుతో సహా, నా భార్య రాధమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. ఉన్నా, అమ్మినా, అద్దెకిచ్చినా ఎవరూ అడ్డు చెప్పకూడదు. వరండాలో నేను పేపరు చదివే కుర్చీని ఆమె బయట పారేయవచ్చు. నేను ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఆమె వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "పేపరు సదివినంక నీ మొఖం నీది గాదు, ఇంకెవ్వనిదో అయితది. నాకు బుగులైతది" అంది. ఆమె భయం చూసి అప్పుడు నవ్వాను. ఎంత బుద్ధి తక్కువ మనిషినో చూడండి.

2. కీసర దారిలో నా వంతుకు వచ్చిన పొలం నా కొడుకు శ్రీనివాస్‌కు. తెల్లచొక్కా వేసుకుని వెంచర్ల చుట్టూ తిరుగుతున్నాడు గనుక అది ఎన్నాళ్లు పొలంగా ఉంటుందో నాకు తెలుసు. అమ్మేముందు వాళ్లమ్మను అడగాలి. అడిగినట్టు నటించకూడదు. రెండువేల తొమ్మిది ఎలక్షన్లలో నన్ను అడక్కుండా మా ఇంటి మీద నాకు గిట్టని జెండా కట్టినందుకు వాడితో నెలల తరబడి మాట్లాడలేదు. జెండా ఎప్పుడో చినిగిపోయింది. నాయినా అని వాడు పిలుస్తుంటే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న రోజులు మాత్రం తిరిగి రావు.

3. మనవడు అన్వేష్‌కు నా డ్యూటీ విజిల్. ఫోన్లో నువ్వు ఎవరెవరినో తిడుతూ రాసే కామెంట్లు చదివించుకుని విన్నాను. మస్తు పదును ఉంది బిడ్డా, నా రక్తమే. అందుకే భయం. నాకు ఒక్క పేపరు, నీకు ఫోన్ నిండా పేపర్లు. ఈ విజిల్ ఒకసారి ఊదితే బస్సు ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. ఆగడం ముందు నేర్చుకో.

4. మా ఇంటికి వచ్చే పేపర్లో 'గొడ్డుకారం' అనే శీర్షిక రాసే పెద్దమనిషి గురించి. ఆయన్ను నేను ఏనాడూ చూడలేదు. అయినా పొద్దున్నే ముందు ఆ పేజీయే తీసేవాణ్ణి. అబద్ధం ఎందుకు, ఆ రాతలో దమ్ముంది. భూములు మింగినవాళ్లను, మాట తప్పినవాళ్లను పేరు పెట్టి వాయిస్తుంటే నాకు కడుపు నిండేది. చౌరస్తాలో చాయ్ హోటల్ నడిపే షుకూర్ నాకు చిన్ననాటి దోస్తు. తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు, చదవడం మాత్రం ఉర్దూయే వచ్చు. అందుకని ఏళ్ల తరబడి అతని హోటల్లో బల్ల మీద కూర్చుని నేనే పైకి చదివి వినిపించేవాణ్ణి. కండక్టరు గొంతు గదా, రోడ్డవతలికి వినపడేది. షుకూర్ చాయ్ వడగడుతూ "అరె, ఏం గొట్టిండు భై!" అని పకపకా నవ్వేవాడు.

రెండువేల పదకొండులో మన రాష్ట్రం మనకు కావాలని సమ్మె వచ్చింది. నేను అప్పటికే రిటైరైనా, మావాళ్లు జీతాల్లేకుండా డిపో ముందు టెంటు వేసుకుని కూర్చుంటే, పోయి మైకులో 'గొడ్డుకారం' చదివేవాణ్ణి. చప్పట్లే చప్పట్లు. బంద్ అన్న ఒక పొద్దున ఆయన రాశాడు, ఇవాళ షట్టరు లేపేవాళ్లవి ఎంగిలాకులు నాకే బతుకులని. ఆ మాట నోట్లో పెట్టుకునే ఇంట్లోంచి బయల్దేరాను. చౌరస్తాకు వచ్చేసరికి షుకూర్ హోటల్ షట్టరు సగం లేచి ఉంది. లోపల మనుషులు. ఎందుకు తీశావని అడగలేదు. అందరి ముందు, పేపర్లో ఉన్న మాట ఉన్నట్టుగా, అతని మొహం మీద అన్నాను. షుకూర్ నన్ను చూశాడు. తర్వాత షట్టరు దించేశాడు.

బంద్ సంగతి తెలియకముందు తెచ్చిపెట్టుకున్న పాలు విరిగిపోతాయని కాచి, దారిన పోయేవాళ్లకు ఊరికే పోస్తున్నాడట. మా టెంటుకు కూడా క్యాను నింపి పెట్టాడట. హోటల్లో గ్లాసులు కడిగే బాలమణి తర్వాత ఎదురుపడి, "ఒక్క మాట అడుగకపోతివి గద కండక్టర్ సాబ్, నీకు గూడ వోసెటోడు" అంది.

చిన్నప్పటి నుంచి షుకూర్‌ను నేను తిట్టని తిట్టు లేదు, నన్ను అతను తిట్టని తిట్టు లేదు. అవి మా సొంత తిట్లు, పొద్దుగూకేసరికి చల్లారేవి. ఆ రోజు అన్నది నా తిట్టు కాదు. షుకూర్ ఎవరో తెలియని మనిషి రాసిన మాటను మోసుకుపోయి నా దోస్తు మొహాన కొట్టాను. అప్పటి నుంచి అతను నాతో మాట్లాడలేదు, నేను ఆ హోటల్ మెట్టు ఎక్కలేదు. నాకు చాలా బాధగా ఉంది. పరమేశ్, ఇది కూడా రాయి.

5. మనవరాలు అశ్రితకు డ్యూటీకి నేను తీసుకుపోయిన రెండు గిన్నెల టిఫిన్ డబ్బా. ఒక గిన్నె తనకు, ఒకటి ఇఫ్రాకు. ఇఫ్రా షుకూర్ మనవరాలు, ఇద్దరూ ఒకే ఆటోలో బడికి పోతారు. మొన్న మార్చిలో ఆటోలో సీటు కాడ కొట్లాడుకుని, మా పిల్ల ఆ పిల్లను 'ఎంగిలాకు' అందట. ఎక్కడ నేర్చిందో వేరే చెప్పాలా? నా వరండాలోనే. ఇఫ్రా ఇంటికి పోయి దాదాను అర్థం అడిగింది. షుకూర్ ఏం చెప్పాడో మర్నాడు అశ్రితే గంతులేస్తూ వచ్చి చెప్పింది. "తాతా, ఎంగిలాకంటే దావత్‌ల అందరు కడుపునిండ తిన్నంక మిగిలే ఆకంట! మంచి మాటనేనంట!" ఆ మాట ఎవరి ఇంట్లోంచి వచ్చిందో షుకూర్‌కు తెలుసు. తెలిసి కూడా నా మనవరాలి మీద మాట రానివ్వలేదు.

6. ఇగ పేపరు సంగతి తేల్చాలి. ఇంట్లో పేరుకున్న పాత పేపర్లు బాలమణికి, అరల్లో పరుచుకుంటుందో, అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. కొత్త పేపరు తెప్పించాలా వద్దా అన్నదే తెగడం లేదు. ఒకసారి మాన్పించాను. చాయ్ చప్పగా తోచి, వారం తిరక్కుండా మళ్లీ వేయమన్నాను. ఇంకోసారి మాన్పించి, క్షవరం షాపులో దొంగలాగా నిలబడి చదివాను. జూన్ రెండున మన రాష్ట్రం వచ్చింది. షుకూర్, నేను కలిసి ఎదురుచూసిన రోజు. ఊరంతా పటాకులు. హోటల్ దాకా నడిచి, మలుపులోంచే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి 'గొడ్డుకారం' తీస్తే, ఆయన ఇంకా ఎవరినో తిడుతూనే ఉన్నాడు. బాగానే రాశాడు. "ఏం గొట్టిండు భై" అనే మనిషి పక్కన లేడు.

మానేస్తానని రాయిద్దామనే పరమేశ్ దగ్గరికి వచ్చాను. తీరా నోరు రావడం లేదు. ఉన్నమాట మొహమాటం లేకుండా రాసేవాడు ఒక్కడైనా ఉండాలని ఇప్పటికీ అనిపిస్తుంది. దోస్తును వదులుకున్నవాడివి పేపరు వదులుకోలేవా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. కాబట్టి నేను బతికున్న రోజులకు ఈ నిర్ణయం షుకూర్ చేతిలో పెడుతున్నాను. అతను వద్దంటే రేపటి నుంచే బంద్.

7. షుకూర్ హోటల్లో ఒకప్పుడు నేను కూర్చున్న బల్ల నాది, డిపో పాత సామాను వేలంలో కొన్నది. దాన్ని షుకూర్‌కు రాయిస్తే పరమేశ్ కొట్టేయించాడు. "సాక్షి సంతకం వెట్టెటాయనకు ఆస్తి రాయొద్దు, రేపు కిరికిరి అయితది" అన్నాడు. బల్లయినా ఇవ్వాలి, సంతకమైనా అడగాలి. నేను సంతకమే అడుగుతున్నాను. మొదటి సాక్షిగా నా బస్సు నడిపిన లింగస్వామి ఒప్పుకున్నాడు. రెండో సాక్షి జాగా షుకూర్‌ది, అందులో ఇంకెవరితోనూ పెట్టించను. అతను పెట్టకపోతే ఈ కాగితం చెల్లదు. చెల్లకపోతే మానె. పరమేశ్‌నూ లింగస్వామినీ వెంటబెట్టుకుని నేనే హోటల్‌కు పోతాను. అతనికి తెలుగు చదవడం రాదు గనుక మొదటి నుంచి చివరిదాకా నేనే చదివి వినిపిస్తాను.

పైన ఉన్నదంతా నేను చెప్పి రాయించినదే. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు గనుక రద్దు చేయడానికి కాగితం లేదు. షుకూర్‌ను నోటితో అన్న ఆ ఒక్క మాటను రద్దు చేస్తున్నాను.

తేదీ: 2014 జూన్ 21, శనివారం
స్థలం: షుకూర్ చాయ్ హోటల్, శామీర్‌పేట చౌరస్తా

(సంతకం) శంకరయ్య

దస్తావేజు రాసినవారు: పరమేశ్, మేడ్చల్

సాక్షులు:

1. (సంతకం) లింగస్వామి, రిటైర్డ్ డ్రైవరు

2. (ఉర్దూలో సంతకం) షుకూర్, హోటల్ యజమాని. సంతకం కింద రాయమని వారు చెప్పగా ఉన్నదున్నట్టు రాసినది:

"మొత్తం ఇన్న. సంతకం వెట్టిన. మాఫ్ జేసిన అని మాత్రం రాయకు పరమేశ్ భై, దానికింక టైం వడ్తది. పేపరు బంద్ వెట్టుమని నేననను. తెచ్చుకొమ్మను. ఈడనే, గీ బల్ల మీదనే కూసోని, నా మొఖం జూసుకుంట సదువుమను. నా మొఖం జూసి సదువలేని మాటొస్తె ఆడ్నే ఆగుమను. చాయ్ పోస్త."