మల్లెపొద మీది తెల్ల బూజు

తాడేపల్లిగూడెం,
మంగళవారం

అక్కా, కార్డు చూసి కంగారుపడకు, నేను కులాసాగానే ఉన్నాను. ఫోనులో చెబితే బావగారు నవ్వేసి ఊరుకుంటారని రాస్తున్నాను.

మీ పెరట్లో తుప్పు తెగులు పట్టిన మల్లెపొదను ఈ వచ్చే ఆదివారం పీకించేస్తానన్నారట బావగారు. పీకనివ్వకు. తుప్పు మచ్చల మీద తెల్ల బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచెయ్యమని ఉగాదికి నీకు చెప్పింది నేనే. అది ఇంకో తెగులనుకున్నాను. అప్పుడు నా డైరీలో పెట్టుకొచ్చిన ఆకును నిన్న మా ల్యాబులో జహీరా మేడమ్‌గారికి చూపించాను. మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నారు. ఆ తెల్ల దారాలు ఆకు జోలికి పోలేదక్కా. తుప్పునే చుట్టుకుని తింటున్నాయి.

"ఇంతవరకూ ఎవరూ నమోదు చెయ్యని బూజు జాతిలా ఉందండీ. కానీ ఈ ఎండుటాకు చాలదు. బతికున్నది దొరక్కపోతే పేరు పెట్టలేం," అన్నారావిడ.

"ఇన్ని పుస్తకాలు చదివావు, ఒక్క మల్లెపొదకి మందు చెప్పలేకపోయావేంటయ్యా బామ్మర్దీ?" అని బావగారు ఎగతాళి చేశారు కదా. మందు దాని మీదే ఉంది. తుడిపించింది నేను.

శనివారం ఉదయం పాసింజరుకు వస్తాను. అందాకా నీళ్లు మొదట్లోనే పొయ్యి, ఆకుల మీద చల్లకు. ఆకులు పెట్టడానికి కాగితం కవర్లు నాలుగు తీసి ఉంచు. కాలువకు నీళ్లొచ్చాయా? బావగారి మోకాలు ఎలా ఉంది?

తెల్లది ఎక్కడా మిగలకపోతే నన్ను ఓదార్చకు, ఉన్నమాట చెప్పు.

మేనకోడలు వీరదుర్గకు నా దీవెనలు. పూలు కోసుకోవచ్చని చెప్పు, ఆకులు మాత్రం ముట్టుకోవద్దని.

నీ తమ్ముడు,
గంగరాజు