మలుపులో పడే నీడ

తమ్ముడూ, అక్కని రాస్తున్నాను.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలికి ఆయాసం తగ్గిందా? నీ గుర్రాలశాలలో పందేలకి స్వారీ చేస్తున్న నా మనవరాలు వేళకి తింటోందా, బరువు పెరుగుతానని కడుపు మాడ్చుకుంటోందా? అది ఎక్కే గుర్రప్పిల్ల గాలికి కూడా బెదురుతుందన్నావు, ఇప్పుడు నయమా?

ఏటా జరిగే ఆడ గుర్రప్పిల్లల పందెం ఈసారి పొద్దున కాదు, సాయంత్రమని మనవరాలు ఫోన్లో చెప్పింది. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆ పందెం పెట్టిన కొత్తలోనూ సాయంత్రమే ఉండేది. నువ్వప్పుడు పసివాడివి. పొద్దు వాలేసరికి జనం కూర్చునే స్టాండు నీడ చివరి మలుపులో అడ్డంగా పడేది. లేత గుర్రాలు దాన్ని గొయ్యి అనుకుని ఎగిరి దూకేవి. మీ బావ గుర్రం అలాగే దూకింది. ఆయన మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. మరుసటి ఏడే పందేన్ని పొద్దుటికి మార్చారు. ఎందుకు మార్చారో ఇప్పటివాళ్ళకి తెలియదేమో. స్టాండు మాత్రం అదేనట.

మనవరాలిని ఆ పందెం మానమని చెప్పలేను. "అమ్మమ్మా, నువ్వు రోడ్డు దాటడానికే గంట ఆలోచిస్తావు" అంటుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. రోజూ సాయంత్రం ఆ గుర్రాన్ని నడిపించి ఆ నీడ దాటించు. నన్ను తిట్టుకో, కానీ చెయ్యి. నేను రాశానని మనవరాలికి చెప్పకు.

మీ బావ పడ్డాక నేను ఆ మైదానంలో అడుగు పెట్టలేదు. ఈసారి పెడతాను. గుర్రం నీడ దాటడం కళ్ళారా చూడాలి. ఆదివారం కదా పందెం, శుక్రవారం పన్నెండో తేదీ మధ్యాహ్నం బస్సుకి దిగుతాను.