మడత సైకిల్‌కు చీల

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదు. నువ్వున్నప్పుడు రాసినా నేనే చదివి వినిపించాల్సి వచ్చేది.

మంచిర్యాలలో మన దుకాణానికి ఎదురుగా ఇంకొకరు మడత సైకిళ్లు చేస్తున్నారు. రైల్లో గనికి పోయేవాళ్లంతా అక్కడే కొంటున్నారు, వాళ్ల సైకిల్ తొందరగా మడవచ్చని. నువ్వు మడత దగ్గర గొళ్లెం పెట్టి, అది చాలదని, లేవకుండా అడ్డంగా చీల కూడా పెట్టావు. నీ మొదటి సైకిల్ రైలుగేటు దిగుడులో నడుమ తెరుచుకుని, నీ ముందుపళ్లు రెండు పోయాక వచ్చిన ఆలోచన అది.

పోయిన వారం అన్న ఆ చీల పెట్టడం మానేశాడు. ఎందుకని అడిగాను.

"గా చీల పీకేసరికి రైలు పోతది చెల్లె. ఎదుటోడు చిటికెల మడుస్తుండు. నువ్వు పుస్తకాలు చదివినవ్ గని, సైకిల్ చదువలే" అని నవ్వాడు.

నిన్న చీల లేనిదొకటి నేనే తొక్కి చూశాను. గేటు దిగుడులో గొళ్లెం కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. దిగి, నడిపించుకుంటూ తెచ్చి అన్నకు చూపించాను. ఈసారి అతను నవ్వలేదు. అప్పటికే అలాంటివి నాలుగు అమ్మాడు.

ఇవాళ పొద్దున ఇద్దరం కొన్నవాళ్ల ఇళ్లకు తిరిగి మూడు సైకిళ్లకు చీలలు బిగించి వచ్చాం. నాలుగోది ఎవరు కొన్నారో తెలియదు.

"ఏ ఊరో అడుగలేదా అన్నా?"

"ఏడ అడుగుదు? రైలు కదులుతుండె. మడిచి సంకల వెట్టుకొని ఉరికిండు. ఎంత అల్కగ మడుస్తున్నదో అని మస్తు సంబురపడ్డడు."