కెప్టెన్ మాటకి ఎదురు లేదు

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున్నే బస్సు దిగాం. గడియార స్తంభం దగ్గర మా ఫ్లెక్సీ... నా ముఖం ఆటో అంత ఉంది. పక్కన ఝాన్సీ, ఎస్తేరు కాస్త చిన్నగా. దుర్గ స్పేర్ ప్లేయర్ కదా, మూలకి తోసేశారు. మేనేజర్ సత్యంగారు మాత్రం నాతో సమానంగా ఉన్నారు, చేతులు కట్టుకుని. ‘వరుసగా మూడోసారి జాతీయ ఈ-స్పోర్ట్స్ విజేతలు — మన అమలాపురం ఆడపడుచులు.’

చర్చి బయట మేరీ ఆంటీ పట్టుకుంది. “కంగ్రాట్సమ్మా కరుణా. ఈసారి ఫారిన్‌కి రెండు జతలే సర్దుకో. పోయినేడు వారం బట్టలు మోసుకెళ్ళి మూడో రోజుకే వచ్చేసేవు. ఇస్త్రీ కూడా నలగలేదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నె విసిరాను. సొట్ట పడింది.

ఆగస్టు 5

బ్యాంకాక్ ఖాయం. సెప్టెంబరు 13, 14. ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

జకార్తాలో ఆఖరి స్థానం. కౌలాలంపూర్‌లో రెండో రోజుకే ఔట్. ఇది మూడోది. ఈసారీ ఇలాగే అయితే టీమ్ ఉండదు. సత్యంగారు పైకి అనలేదు. “చూద్దామండీ” అన్నారు. ఆయన “చూద్దామండీ” అన్న పని ఏదీ తర్వాత చూడలేదు.

ఆగస్టు 6

నాన్నగారు కాఫీ తాగుతూ అడిగారు, మళ్ళీ మొదటి నుంచి. ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టారు, అర్థం కాకుండా దేన్నీ వదలరు.

“ఇరవై జట్లు దిగుతాయంటావు. జట్టుకి ముగ్గురు. చుట్టూ నుంచి ఆ గీత ముంచుకొస్తుంది. అంటే వరదలో లంకలాగన్నమాట. మధ్యకి పరిగెట్టాలి, పరిగెడుతూ కాల్చుకోవాలి. ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు.”

“అంతేనండి.”

“మరి ఎటు పరిగెట్టాలో ఎవరు చెబుతారమ్మా?”

“నేనేనండి.”

“మరి నువ్వు చెప్పింది తప్పయితే?”

కప్పు తీసుకుని లోపలికొచ్చేశాను. కాఫీ ఇంకా సగం ఉందట, వెనక నుంచి కేకేశారు.

ఆగస్టు 7

వింత. ఇన్నాళ్ళూ కౌలాలంపూర్ ఆటలు బొమ్మ మాత్రమే చూశాను, ఎక్కడ చచ్చామో, ఎవరు కాల్చారో. ఈ రోజు దుర్గ మాటల రికార్డింగ్ కూడా పెట్టింది. ఆడని మనిషి కదా, అన్నీ దాచుకుంటుంది.

నా గొంతు: “వంతెన దాటేద్దాం.” ఎస్తేరు: “ఆయ్.” తర్వాత ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఏదో అనబోయి ఆగిన ఊపిరి. తర్వాత ఝాన్సీ: “ఆయ్.” పదకొండు సెకన్లకి ముగ్గురం పోయాం.

మళ్ళీ వేయించుకుని విన్నాను. ఇంకో ఆట కూడా. అదే ఊపిరి.

ఆగస్టు 8

అడిగేశాను. ఎస్తేరు టీకి వెళ్ళాక, ఝాన్సీని ఒక్కదాన్నే కూర్చోబెట్టి.

“వంతెన అవతల వాళ్ళని చూసేవా ఝాన్సీ?”

“చూసేనండీ అక్కా.”

“మరి చెప్పలేదేం?”

“మీరు దాటేద్దాం అన్నాక ఇంకేం చెప్తానండీ.”

ఒళ్ళు మండింది. దానిమీద కాదు. కాదు, కొంచెం దానిమీద కూడా. ఏడాదిపాటు ఆ వంతెన గురించి నిద్ర మానుకున్నాను. ఈ పిల్ల తెలిసి కూడా నా వెనకే నడిచొచ్చి చచ్చింది — మర్యాదగా.

ఇక్కడ అదే మమ్మల్ని గెలిపించింది మరి. హైదరాబాదు జట్లలో ముగ్గురు మూడు మాటలంటారు, తేల్చుకునేలోపు పోతారు. మాలో ఒకటే మాట. పైగా మేం దిగే చోటికి ఇక్కడ ఎవరూ రారు, భయం. అక్కడ మేమెవరమో ఎవరికి తెలుసు?

ఆగస్టు 9

కొత్త రూలు. ఆటకి ఒక్కసారైనా ప్రతివాళ్ళూ నాకు “వద్దు” అని చెప్పి తీరాలి.

మొదటి ఆట. ఎస్తేరు: “వద్దక్కా... అంటే మీ ఇష్టం అనుకోండి.” రెండో ఆట. ఝాన్సీ: “అక్కగారండీ, కోప్పడకండి, నాకేవనిపిస్తోందంటే...” అక్కడికి ముగ్గురం పోయాం. దుర్గ కుర్చీలోంచి కింద పడి నవ్వింది. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

ఆగస్టు 14

వీసా కాగితాల మీద ఝాన్సీ సంతకం కోసం అంతర్వేది వైపు వెళ్ళాను. రాజోలు దాటాక రోడ్డంతా గుంటలు. ఇంట్లో లేదు. “నాన్నతో పడవ మీదుందండీ” అన్నారు. రేవులో నిలబడ్డాను.

వస్తున్నారు. వాళ్ళ నాన్న వెనక ఇంజన్ దగ్గర, ఇది ముందర నిలబడి. ఒకటే కేకలు. “ఎడంకి! ఎడంకంటే కుడికి తిప్పుతావేంటి! ఇసక మేట కనపడట్లేదా!” ఆయన కిక్కురుమనకుండా తిప్పేశాడు. యాభై ఏళ్ళ మనిషి, పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ళ మీదే ఉన్నవాడు.

నన్ను చూసి ఒక్కసారిగా తల దించుకుంది. “అక్కగారండీ, మీరొచ్చేరేంటండీ, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా.” ఇందాకటి గొంతు ఏమైపోయిందో. వాళ్ళ నాన్న తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశాడు. తను కూర్చోలేదు.

రోడ్డు దాకా దిగబెట్టడానికి నా వెంట వస్తుంటే అడిగాను — మీ నాన్న మీద అరుస్తావు, నా మీద అరవవేం?

“అక్కడ నీళ్ళండీ. ఆలోచిస్తే పడవ మేటెక్కేస్తది.”

“ఇక్కడా అంతేగా.”

ఆలోచించింది. “మీరు చదువుకున్నవారండీ. మాస్టారి అమ్మాయిగారు. తప్పెందుకు చెప్తారూ అనుకుంటాను.”

ఆ మాట నాకు నచ్చింది — అదే సిగ్గుగా ఉంది.

ఆగస్టు 18

అరిచింది! థాయ్ జట్టుతో ప్రాక్టీసు. “వద్దక్కా, వెనక్కి!” అని చెవులు చిల్లులు పడేలా. వెనక్కి తిరిగాం. బతికాం. గెలిచాం. ఎస్తేరు లేచి గంతులేసింది. ఝాన్సీ మాత్రం నా ముఖంలోకే చూస్తోంది, కోపమొచ్చిందేమోనని.

వీపు తట్టాను. లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. రాసేస్తున్నాను, ఇంకెవరికి చెప్పను.

ఆగస్టు 24

విజయవాడలో చిన్న టోర్నీ. గెలిచాం. కప్పు, పూలు, సెల్ఫీలు.

రాయాల్సింది రాస్తాను. ఆఖరి ఆట, ఐదు జట్లు మిగిలాయి. నేను: “గుట్ట ఎక్కుదాం.” ఝాన్సీ: “వద్దక్కా, పైన ఉన్నారు.” నేను: “నోర్మూసుకుని రా.”

వచ్చింది. పైన ఉన్నారు, నిజంగానే ఇద్దరు. కానీ వాళ్ళు అటు తిరిగి ఇంకెవరినో కాలుస్తున్నారు. చంపేశాం. అదృష్టం. అచ్చంగా అదృష్టం.

స్టేజీ మీద యాంకరు: “ఆ గుట్ట నిర్ణయం ఎవరిది?” నేను మైకు తీసుకుని నవ్వాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఝాన్సీయే.

ఆగస్టు 25

సారీ చెప్పలేదు.

ఆగస్టు 27

ప్రాక్టీసు. నాలుగు ఆటలు. ఎస్తేరు రెండుసార్లు వద్దంది. ఝాన్సీ ఒక్కసారి కూడా అనలేదు. ఆయ్, ఆయ్, ఆయ్.

సెప్టెంబరు 1

చెప్పాను. మెట్ల మీద, చెప్పులు వేసుకుంటూ, ముఖం చూడకుండా. “ఆ రోజు అలా అనకూడదు, సారీ.”

“అయ్యో, సారీ ఏంటండీ. గెలిచేం కదా, మీరే కరెక్టు.”

దెప్పడం కాదు. నిజంగానే అలా అనుకుంటోంది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 4

బ్యాంకాక్‌కి ఇంకా ఎనిమిది రోజులు. అన్నం సహించట్లేదు.

సెప్టెంబరు 7

పాస్టరుగారు ప్రభువు బల్ల దగ్గర నన్ను నిలబెట్టి ప్రార్థన చేశారు. పద్నాలుగో తారీఖు కూడా ఆదివారమే కదా, ఆరాధన అయ్యాక హాల్లో తెర కట్టి ఆట చూపిస్తారట. నాన్నగారి ఆలోచన. మేరీ ఆంటీ అందరికీ పులిహోర చేస్తానంది. అంతదాకా నిలుస్తామో లేదో. వద్దని చెప్పలేకపోయాను.

సెప్టెంబరు 12

బ్యాంకాక్. హోటల్ చల్లగా ఉంది, కిటికీలు తెరుచుకోవు. ఎస్తేరు ఆవకాయ సీసా కారింది, నా జెర్సీకి నూనె మరక. ఝాన్సీ సబ్బుతో రుద్దుతోంది. వద్దే అంటే వినదు. ఇలాంటివాటికి మాత్రం వినదు.

సెప్టెంబరు 13

ఇప్పుడే గదికొచ్చాం. సాయంత్రం ఆరు.

పొద్దున మూడు ఆటలు. మొదటిదాంట్లో మేం దిగేచోటే కొరియా వాళ్ళు దిగారు, మా నెత్తిమీదే. ఇరవయ్యో స్థానం. రెండోది పంతొమ్మిది. మూడోదాంట్లో నది దాటుదామన్నాను. మళ్ళీ ఆ ఊపిరి. ఈసారి ఆడుతుండగానే విన్నాను. విని కూడా ఆగలేదు, నోట్లోంచి వచ్చేసిన మాట కదా. చచ్చాం.

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. సత్యంగారు ఫోన్ పట్టుకుని బయటే తిరుగుతున్నారు. రేపు సాయంత్రానికి పై ఎనిమిది జట్లలో ఉంటే రాత్రికి ఫైనల్స్. మేం పద్దెనిమిది.

చెప్పేశాను. “ఇక నుంచి ఎటు వెళ్ళాలో ఝాన్సీ చెబుతుంది. నేను వెనక వస్తాను.”

చెంచా కింద పెట్టేసింది. “నా వల్ల కాదండీ అక్కా.”

“నేను మాస్టారి అమ్మాయిని కాదు. ఆ ఇంజన్ దగ్గర కూర్చున్న మనిషిని. అంతే.”

చెంచా మళ్ళీ తీసుకుని గబగబా తినేసింది.

తర్వాతి మూడు ఆటలూ నాకు సరిగ్గా గుర్తులేవు. గొంతు మాత్రం గుర్తుంది. “కుడికి. కుడికి. కూర్చో. ఎస్తేరూ లే. అక్కా మీరు కాసేపు ఆగండి, నేను చెప్తున్నా కదా!” ఆరో స్థానం. మూడు. ఆఖరిదాంట్లో — ఒకటి. ఒకటి! బయటి దేశంలో మొదటి గెలుపు. ఎస్తేరు ఏడ్చేసింది. నేను కూడా.

తొమ్మిదో స్థానంలో ఉన్నాం. ఒక్క మెట్టు. రేపు మూడు ఆటలు.

సంతోషంగా ఉంది. నిజంగా. లోపల ముల్లు కూడా ఉంది. రెండూ ఉన్నాయి.

సెప్టెంబరు 14, పొద్దున

ఏడింటికి ఝాన్సీ తలుపు కొట్టింది. స్నానం చేసి జడేసుకుని, జెర్సీలో. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఒక మాట చెప్పాలండీ అక్కా. చెప్పమని మీరే అన్నారు.”

“చెప్పు.”

“ఈ రోజు దుర్గని ఆడించండి.”

“ఎస్తేరుకేమైంది? జ్వరమా?”

తల అడ్డంగా ఊపింది. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఎంత మొద్దునో.

“మీ బదులండీ.”

ఊపిరి బిగబట్టలేదు ఈసారి. నేరుగా నా కళ్ళలోకి చూస్తోంది.

“నేను కుడికి అన్నాక ఎస్తేరు వెంటనే వచ్చేస్తది. మీరొక్క క్షణం ఆగుతున్నారండీ. నేను చెప్పింది సరేనా కాదా అని చూసుకుని అప్పుడు కదులుతున్నారు. నిన్న రెండుసార్లు అందుకే మీరు ముందు పోయేరు. ఇద్దరం మిగిలి ఆడేం. దుర్గ అలా ఆగదండీ.”

అబద్ధం అందామని నోరు తెరిచాను. నాలుగో ఆటలో గోడ పక్కన — “దూకండి” అంది. అటు ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. నిజమే. ఐదోదాంట్లోనూ. నిజమే. కావాలని చేయలేదు. చేతులే ఆగాయి.

“గెలవాలని ఉందండీ అక్కా. చాలా ఉంది.” వెళ్ళిపోయింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

ఎంత ధైర్యం. ఇసక మేటల మధ్య తిరిగే పిల్ల, నేను నేర్పిన ఆట. లోకం చూపించింది నేను. ఈ మాట రాయకూడదు. రాశాను. ఉండనీ.

నాన్నగారి మెసేజ్: ‘హాల్లో తెర సిద్ధం. నువ్వు కనబడగానే అందరం లేచి నిలబడాలని పాస్టరుగారు చెప్పారు. ఎన్నింటికమ్మా?’

ఫోన్ బోర్లా పెట్టాను.

సత్యంగారు తలుపు బయట నుంచి. “కరుణగారండీ, పేర్లు తొమ్మిదికల్లా ఇచ్చేయాలండీ. నిన్నటివే కదా?”

“పది నిమిషాలండీ.”

“ఆయ్, నిలబడతాను.”

కాగితం ముందుంది. మూడు గీతలు. మొదటిదాంట్లో ఝాన్సీ పేరు రాశాను, పక్కన కెప్టెన్ అని. అది రాయడానికి చెయ్యి ఆగలేదు. రెండోది ఎస్తేరు.

ఎనిమిదీ యాభై రెండు. సత్యంగారు మళ్ళీ దగ్గారు. కారిడార్లో ఎవరివో చెప్పుల చప్పుడు, దుర్గ నవ్వు. ఆ పిల్లకి ఇంకా ఏమీ తెలీదు.

మూడో గీత మీద ‘ద’ అని రాశాను. ఒక్క అక్షరమే, కొట్టేయొచ్చు కూడా.