అహ్లోన్ రేవు జట్టుకు ఓనరెవరు?

తన్లిన్,
గురువారం

బావమరిది సన్యాసికి,
నీ బావ భీమరాజు పప్పు డబ్బాల మధ్య కూర్చుని, ఆనందం పట్టలేక రాస్తున్నది.

ఈ బర్మా ఫోన్లలో రెండు మాటలకే లైను పోతోంది. లైను ఉంటే మనిద్దరికీ మాటా మాటా పెరుగుతోంది. అందుకని కాగితం పట్టాను. ప్రతి సోమవారం ఏటి అవతల మీ అహ్లోన్ నుంచి మా ఇంటికి ఉతుకుడికి వచ్చి, గురువారం తిరిగి వెళ్ళే జట్టు చొక్కాల మూటలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. బస్సు నడిపే కో ఔంగ్ భద్రంగా దింపుతాడు.

సంగతేమిటంటే, నేను మన అహ్లోన్ రేవు ఫుట్‌బాల్ జట్టుకు ఓనర్ అయిపోయాను. ఎప్పుడని అడుగుతావు. మొన్న టీ కొట్లో ఇంగ్లీషు మ్యాచ్ చూస్తుండగా అయ్యాను. గోల్ పడగానే కెమెరా కొట్టినవాడి దగ్గర ఆగలేదు, తిన్నగా పైన అద్దాల గదిలో కోటు వేసుకున్న ఓనర్ మొహం మీదికి పోయింది. ఆ మొహం చూడగానే నాకు ఒళ్ళు పులకరించింది. మూడేళ్ళుగా మన కుర్రాళ్ళకు చొక్కాలు కొనిస్తున్నది ఎవరు? వాటి వీపు మీద 'భీమరాజు పప్పుల కొట్టు' అని ఉందా లేదా? ఇంగ్లండులో అయితే ఎక్కడివాడైనా వచ్చి జట్టును కొనుక్కోవచ్చు. ఊరివాడే కానక్కర్లేదు, ఆట తెలియనక్కర్లేదు. నేను ఊరివాణ్ణి కూడాను.

ఇకమీదట జట్టు పేరు భీమరాజు యునైటెడ్. నీలం పోయి ఎరుపు వస్తుంది. తాడు పట్టుకు నిలబడి చూడడం బంద్, అందరికీ కుర్చీలు. ఆ డప్పు వద్దు. ఓనరుకి ఒక సోఫా. మీ అక్కతో చెబితే, "ఏటో మీ ఇష్టం. ముందు ఆ బురద సొక్కాలిలా పడీండి" అంది. సంతోషంతో ఇంకేమీ అనలేకపోయింది పాపం.

నీ బావ, ఓనర్,
భీమరాజు

తా.క.: గోల్ పడ్డప్పుడు ఓనర్ లేచి చప్పట్లు కొట్టాలా, కూర్చునే కొట్టాలా? టీవీలో రెండు రకాలూ కనిపిస్తున్నాయి.

*

అహ్లోన్,
సోమవారం

సూరమ్మక్క పెనిమిటి, నా ఏకైక బావ భీమరాజుకు,
సన్యాసి పడవ ఇంజను కింద నుంచి ఇప్పుడే లేచి రాస్తున్నాడు. గ్రీజు మరకలకు ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో, బస్సెక్కి రావాలో తెలియలేదు. నువ్వు ఇంగ్లండు ఆట టీవీలో చూశావు. నేను జర్మనీ ఆట నిలబడి చూశాను. ఓడల్లో పనిచేసేటప్పుడు హాంబర్గ్‌లో మా ఓడ బాగుచేతకు ఏడు వారాలు ఆగిపోయింది కదా, అప్పటి మాట. అక్కడ గోల్ వెనక కుర్చీలే లేవు బావా. వేలమంది భుజం భుజం రాసుకుని నిలబడతారు, చేతిలో బీరు, పక్కన డప్పులు, ఆట మొదలైంది మొదలు అయ్యేదాకా పాటే. నా పక్కన నిలబడ్డ మనిషి మా ఓడకే వెల్డింగు చేస్తున్నవాడు. జేబులోంచి కార్డు తీసి చూపించి, ఈ క్లబ్బు నాది అన్నాడు. వెల్డరు బావా! ఆ మాటకు నాకు గుండె కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది.

అక్కడి రూలు పేరు యాభై ప్లస్ ఒకటి. ఎంత పెద్ద షావుకారు వచ్చినా, సగానికి పైన ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. మనకూ ఉంది కదా ఆ పద్ధతి. ఆట అయ్యాక కుర్రాళ్ళకు వంతులవారీగా అన్నం వండి పెట్టే ఇంటికి ఒక ఓటు. నువ్వు తన్లిన్‌లో ఉన్నావు, ఒక్క ఆదివారం కూడా వండలేదు, కాబట్టి నీకు ఓటే లేదు. మా నాన్న ఈ రేవులో బియ్యం బస్తాలు మోసి, అదే వీపుతో వచ్చి గోల్ కాసేవాడు. ఈ జట్టు ఒక్కడి పేరున ఉంటే నాకు ముద్ద దిగదు. ఇది మాత్రం వేళాకోళానికి రాయడం లేదు.

నీ బావమరిది,
సన్యాసి

తా.క.: కూర్చుని కొట్టు. నువ్వు లేచేలోపు రెండో గోల్ పడుతుంది.

*

తన్లిన్,
గురువారం

నా కుడిభుజం సన్యాసికి,
భీమరాజు ఆలింగనం చేసుకుని రాస్తున్నది.

నీ జర్మనీ రూలు రెండుసార్లు చదివాను. ఎంత గొప్ప రూలు. ముందే చెప్పకపోయావా? యాభై నేను, ఒకటి నువ్వు. నాకు పూర్తిగా సమ్మతం. ఆ ఒకటీ నీకు జీవితాంతం ఉంటుంది, ఎవరూ లాక్కోకుండా నేను చూసుకుంటాను.

ఈ ఆదివారం కాక పై ఆదివారం ట్వంటే కుండలవాళ్ళ జట్టుతో ఆట ఉంది కదా, ఆ రోజునుంచే కొత్త పద్ధతి. సోఫా లారీ ఎక్కించేశాను. బాపిరాజుగారిని పిలిచాను, తన్లిన్‌లో ఆయన ఒక మాట చెబితే పదిమంది వింటారు. ఇంకొక విషయం. ఇంగ్లండులో కోచ్‌ను తీసేసే వారం ముందు ఓనర్ పిలిచి, నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది అని చెబుతాడు. సన్యాసీ, నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

నీ శ్రేయస్సు కోరే యాభై,
భీమరాజు

తా.క.: సోఫా మీద మీ అక్క కూర్చుంటుందేమోనని అడిగాను. "ఆదివారం నాకెక్కడ కాళీ" అంది. ఆడవాళ్ళకు ఆట మీద ఆసక్తి తక్కువ.

*

అహ్లోన్,
సోమవారం

మహారాజశ్రీ ఓనర్ భీమరాజుగారి సముఖానికి,
ఒకటి అనబడే సన్యాసి చేతులు కట్టుకుని రాసుకుంటున్నది.

తమరు రూలు అర్థం చేసుకున్న తీరు టీ కొట్లో చదివి వినిపించాను. బెంచీ విరిగింది. యాభై అంటే మనుషులండీ, తమరు కాదు.

మొన్నామధ్య జర్మనీలో బయటి పెట్టుబడి తెస్తామని లీగువాళ్ళు అంటే, అభిమానులు ఊరుకోలేదు. ఆట మధ్యలో మైదానం నిండా టెన్నిస్ బంతులు విసిరారు. ఏరేకొద్దీ విసిరారు. వారాల తరబడి ఇదే వరస. చివరికి లీగువాళ్ళే ఆ ఆలోచన మానుకున్నారు. ఆదివారం మేమూ అటువంటిదే ఏర్పాటు చేశాం. సరంజామా అంతా సిద్ధం, నాకైతే చిన్నపిల్లాడి సంబరంగా ఉంది. తమరు కంగారుపడవద్దు, ఎవరికీ దెబ్బ తగలదు.

తమ విధేయుడు కానివాడు,
సన్యాసి

తా.క.: నన్ను కోచ్‌గా తీసేశారని కుర్రాళ్ళతో చెప్పాను. "మనకి కోచ్ ఉన్నాడేటి?" అని అడిగారు.

*

తన్లిన్,
గురువారం

సన్యాసికి,
బావమరిది అని రాయడానికి చెయ్యి రాలేదు.

సోఫా మీద నేను. నా పక్కన బాపిరాజుగారు. పదో నిమిషంలో మైదానం నిండా నిమ్మకాయలు. సగానికి కోసినవి. కుంకుమ పూసినవి. బాపిరాజుగారు లేచి, "బీమరాజూ, నీ మీద ఎవులో గట్టిగానే సేయించార్రా" అని ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగు. మన గోల్ కాసే గోలీ రాజబాబు కొబ్బరికాయ కొడితే గాని గీత దాటనన్నాడు. రెఫరీ ఊ థేన్ బర్మావాడు, ఏం చెయ్యాలో తోచక ఒక నిమ్మకాయకు పసుపు కార్డు చూపించాడు. ధైర్యంగా నిలబడ్డవాడు ట్వంటే గోలీ ఒక్కడే. సలాడ్‌లోకి పనికొస్తాయని అన్నీ ఏరి గ్లౌజుల్లో నింపుకున్నాడు. ఆట ఆగిపోయి రెండు వారాల తర్వాతి ఆదివారానికి వాయిదా పడింది. నేను దేనికి ఓనర్‌నయ్యానో నాకే తెలియలేదు. సొంత బావ మీద చేతబడి చేయిస్తావా? మూడు రోజులుగా కిలో పప్పు అడిగినవాళ్ళకు కిలోన్నర తూసి ఇస్తున్నాను.

అయినా నేను తగ్గను. మా అమ్మాయి ప్రమోద ఫోన్లో వెతికి పెట్టింది. మీ జర్మనీలోనే ఒక మినహాయింపు ఇచ్చారట. ఎవరైనా ఒకరు ఇరవై ఏళ్ళ పైన ఆగకుండా ఒక జట్టును పోషించి ఉంటే, వాళ్ళకు ఆ యాభై ప్లస్ ఒకటి అడ్డురాకుండా చేశారు. జట్టు వాళ్ళ చేతికే వెళ్ళింది. మీ అక్కను చేసుకున్న నాటినుంచి, అంటే ఇరవై ఆరేళ్ళుగా, ఈ జట్టు మా ఇంటి మనిషే. ఇప్పుడు చెప్పు.

భీమరాజు

తా.క.: దిష్టి తీయించుకుందామని కొట్టు వెనక బుట్టలో చూస్తే ఒక్క నిమ్మకాయ లేదు. మీ అక్కను అడిగితే "ఏమో" అని చొక్కాలు ఆరేయడానికి పోయింది.

*

అహ్లోన్,
సోమవారం

బావా,
ముందు మంచినీళ్ళు తాగు. తర్వాత చదువు.

చేతబడి కాదు. అన్ని టెన్నిస్ బంతులు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? గుండ్రంగా ఉండాలి, దెబ్బ తగలకూడదు అని ఆలోచిస్తే నిమ్మకాయ తోచింది. పచ్చగడ్డిలో పచ్చ కాయ కనపడదని మా ఆవిడ పద్మిని కుంకుమ పూసింది. దొర్లి గీత బయటికి పోతున్నాయని సగానికి కోయించింది నేను. విసిరాక చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి పోలేదు. జర్మనీవాళ్ళకు ఈ బాధ లేదు.

ఇక నీ ఇరవై ఏళ్ళ మినహాయింపు. అది చదివి నాకూ హుషారు వచ్చింది, ఒప్పుకుంటున్నాను. బుధవారం సమావేశం పెట్టాను, అందరి ముందూ తేల్చుకుందాం. నేను పుట్టిన దగ్గర్నుంచి ఈ జట్టులోనే ఉన్నాను కాబట్టి మినహాయింపు నాకే వస్తుంది. రాగానే జట్టును అందరికీ పంచేస్తాను. రాగానే అంటే మరీ వెంటనే కాదు.

సన్యాసి

తా.క.: నిమ్మకాయలు ఆటకు ముందు గురువారం మూటలో అక్క పంపినవే. కావాలని రాశాను, దేనికని అడగలేదు. ఊరగాయకనుకుని ఉంటుంది.

*

తన్లిన్,
గురువారం

మా ఆయనకూ, మా తమ్ముడికీ,
సూరమ్మ రాస్తున్నది. ఒకటి అన్నం కంచం కింద పెడుతున్నాను, ఒకటి కో ఔంగ్ బస్సులో వెళుతోంది. రెండిట్లోనూ ఒకటే ఉంది, పోల్చి చూసుకోనక్కర్లేదు.

ఊరగాయకని నేను అనుకోలేదు తమ్ముడూ. మూట విప్పేదీ కట్టేదీ నేనే. మీ ఉత్తరాలన్నీ మీకంటే ముందు నేనే చదివాను. ఇన్నేళ్ళలో నన్ను ఇంత నవ్వించిన పని మీరిద్దరూ ఇంకోటి చేయలేదు.

నిన్నటి సమావేశం సంగతి మీరు మొహాలు చాటేసి వెళ్ళిపోయారు కాబట్టి నేనే రాసిపెడుతున్నాను. ఆయన ఇరవై ఆరేళ్ళు అన్నారు. తీరా అడిగితే చొక్కాలు మూడేళ్ళవి, ముందు ఇరవై మూడేళ్ళూ అభిమానం అన్నారు. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి అన్నావు. మధ్యలో పదకొండేళ్ళు ఓడల మీద ఉన్నావని మీ రేవు సత్యారావు గుర్తుచేశాడు. నేను గుమ్మం బయట ఉతికిన మూట పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు రేవులో అందరికంటే పెద్దది, పైడితల్లి మామ్మ లేచింది. "మరి ఈ సొక్కాలు ఇరవయ్యారేళ్ళ బట్టీ ఎవులుతుకుతన్నార్రా? మీ బాబులా?" అంది. మినహాయింపు నాకేనని ముందు ఆడవాళ్ళు చేతులెత్తారు. ఇంటికి ఒకటే ఓటు, అది మగవాడిదని నువ్వు అడ్డుపడబోతే, "వండింది ఎవులు? ఆ సెయ్యే ఇది" అంది మామ్మ. ఆ తర్వాత మగవాళ్ళ చేతులూ లేచాయి. ఆఖరికి మా ఆయనదీ లేచింది. అలవాటు కొద్దీ లేచిందో, ఇష్టంగానే లేచిందో ఆయన్ను అడగలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

మీ ఇంగ్లండులో నాకు చోటు లేదు, మీ జర్మనీలోనూ లేదు. వండితే ఓటు, ఉతికితే లేదు. నిజం చెప్పమంటారా, నేను ఇంతవరకు ఒక్క గోల్ చూడలేదు. పెళ్ళికి ముందు ఆట వేళకు పొయ్యి దగ్గర ఉండేదాన్ని, పెళ్ళయ్యాక ఏరుకు ఇవతల ఉన్నాను. బురదను బట్టి ఆట తెలుసుకునేదాన్ని. చొక్కా ముందువైపు బురదైతే గెలిచి గడ్డి మీద జారారని, వీపుకైతే పడదోయించుకున్నారని. అది చూసి ఒక్కదాన్నే సంతోషపడేదాన్ని, ఒక్కదాన్నే తిట్టుకునేదాన్ని.

మినహాయింపు నాకు వచ్చింది, జట్టు మొత్తం నాదే. ఆదివారం ఆట అయ్యేదాకా నాదే. ఆ తర్వాత వండిన చేతికి ఒక ఓటు, ఉతికిన చేతికి ఒక ఓటు, ఇంటికి కాదు మనిషికి. పేరు మారదు, నీలం మారదు, డప్పు ఉంటుంది. మీ ఇద్దరికీ ప్రస్తుతం ఓటు లేదు. కావాలంటే ఆదివారం ఆయన వండుతారు, తమ్ముడు ఉతుకుతాడు. నేను తాడు దగ్గర, డప్పు పక్కన నిలబడి ఉంటాను. ఇది రాస్తుంటేనే కాళ్ళు ఆగడం లేదు.

ఓనర్,
సూరమ్మ

తా.క.: ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇద్దరూ విడివిడిగా రాసి శనివారం లోపు పంపండి. తేడా వస్తే ఇద్దరి మీదా నాకు పూర్తి నమ్మకం ఉంది.