పడమటి వెంటిలేటరు మూయవద్దు

విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపి రిటైరైన మద్దాల విజయరత్నం అనే నేను, కీర్తిశేషులు శౌరి కుమారుణ్ణి, వయసు అరవై రెండు, యారాడ పోయే దారిలో కొండవాలున ఉన్న నా స్వంత ఇంటి వరండాలో కూర్చుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేతులారా రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పారు. మతికి మాత్రం ఏ లోటూ లేదు. కింది సంగతులు చదివాక మీకు అనుమానం రావచ్చు కాబట్టి, నర్సమ్మ నాగమణిగారిని పిలిపించి, తేదీలూ లెక్కలూ అడిగించుకుని, ఆమె సరేనన్నాకే కలం పట్టాను. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. నా తదనంతరం ఈ ఇల్లు, ఖాళీ జాగా, బావి, రెండు పనస చెట్లు నా ఏకైక కుమార్తె ఫ్లోరెన్స్‌కు సర్వహక్కులతో చెందవలెను. తూర్పున రోడ్డు, దక్షిణాన వాన నీళ్ళు పారే గెడ్డ, ఉత్తరాన పాపాయమ్మ ఇల్లు, పడమట కొండ హద్దులు. ఇల్లు వద్దనుకుంటే అమ్ముకోవచ్చు. కానీ కొనేవారికి ఆరో అంశం చదివి వినిపించాకే సంతకం పెట్టాలి.

2. ఫ్లోరెన్స్, ఇల్లు నిలబెట్టుకునే పద్ధతి నీకు చెబుతున్నాను. ఈ గాలిలో ఉప్పుంది. ఏ మరమ్మతుకైనా ఇసుకను మంచినీళ్ళతో రెండుసార్లు కడిగించు. వానలు పట్టకముందే పెంకులు సర్దించి, గోడలకు సున్నం కొట్టించు. చెమ్మ ఎక్కిన చోట సిమెంటు పూస్తే నీరు లోపలే ఉండిపోతుంది. పాత గచ్చు గీకించి ఎండనివ్వు. ఇల్లు వెచ్చగా ఉండాలంటే ముందు పొడిగా ఉండాలి, పొడిగా ఉండాలంటే గాలి ఆడాలి. ఇది నాకు చెప్పినవాడు నీ మేనమామ యేసుదానం. నేను వినలేదు.

3. మీ అమ్మ ఆరోగ్యమ్మ ఉన్ని శాలువా, పెట్టెలోని ఆమె బైబిలు నీకే. శాలువా ఉతకలేదు. నా వల్ల కాలేదు.

4. నిచ్చెన, చేపలు ఎండబెట్టుకునే పట్టాలు పాపాయమ్మకు. పదేళ్ళుగా నాకు కూర పంపుతోంది గానీ గడప దాటి లోపలికి రాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "మీ ఇంట్లో ఎవులో ఊపిరి తీత్తన్నారు బాబూ. మీరు కాదు. మీరు బయటే ఉన్నారు గదా," అంది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు.

5. ఇప్పుడు రాయవలసింది రాస్తాను. 1973లో యేసుదానం స్వయంగా తాపీ పట్టి ఈ ఇల్లు కట్టాడు. పడగ్గదికి మూడు వెంటిలేటర్లు పెట్టాడు. మీ అమ్మకు ఉబ్బసం. కొండగాలికి వణికిపోయేది. "సలేస్తంది, ఏటి సెయ్యమంటారు," అని గోడవైపు తిరిగి పడుకునేది. అతను మరమ్మతుకు వచ్చినప్పుడు, వెంటిలేటర్లు మూసేస్తానన్నాను. యేసుదానం తాపీ కిందపెట్టి, "బావా, గాలికి దారి లేకుండా సేసీసినావంటే ఇది ఇల్లు కాదు, పెట్టైపోద్ది," అన్నాడు. "నా పెళ్ళానికి ఏం కావాలో నాకు తెల్దేటి," అన్నాను.

1976 నవంబరులో వారం రోజులు ముసురు పట్టింది. నిచ్చెన వేసుకుని, మూడు వెంటిలేటర్లలోనూ గోనెలు కుక్కి మట్టి మెత్తాను. మంచం పక్కన కుంపటి నిండా బొగ్గు రాజేసి, తలుపు దగ్గరగా వేసి, ఉదయం డ్యూటీకి పడవలో అవతలికి దాటాను. నువ్వు బడికి పోయావు. సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి గది వెచ్చగా ఉంది. మీ అమ్మ నిద్రపోతున్నట్టే ఉంది, బుగ్గలు ఎర్రగా. పోయి ఎంతసేపయిందో తెలియదు. వెంటిలేటర్లు మూడూ తెరిచి ఉన్నాయి. ఒక్క గోనె కూడా కనబడలేదు.

"నాన్నా, అమ్మ మొకం ఎర్రగా ఉందేటి?" అని అడిగావు. జ్వరమన్నాను. నువ్విప్పుడు నర్సు ట్రైనింగులో ఉన్నావు. బొగ్గు పొగ మనిషిని ఏం చేస్తుందో, ముఖం ఎందుకు ఎర్రబడుతుందో నేను నీకు చెప్పనక్కర్లేదు.

సమాధి దగ్గర అందరూ వింటుండగా యేసుదానం చొక్కా పట్టుకుని, "నీ గోడల సెమ్మే దాన్ని తినీసింది," అన్నాను. అతను నా చెయ్యి విడిపించుకుని గుప్పెడు మట్టి వేశాడు. ఆ మాట ఊరంతా పాకింది. అతన్ని పనికి పిలిచేవారు లేక ఆనందపురం వెళ్ళిపోయాడు.

6. ఆ తర్వాత ఇంట్లో జరిగినది. మంచం తలవైపు గోడలో, పడుకున్న మనిషి చెంప ఆనేంత మేర, వెచ్చగా ఉంటుంది. ఎండ అటు పడదు, పొయ్యి అటు లేదు. మిగతా గోడలు వానలో చెమర్చినా అక్కడ పొడిగానే ఉంటుంది. సంక్రాంతి చలికి బల్లులన్నీ అక్కడే చేరతాయి. పడమటి వెంటిలేటరు మూయడానికి నాలుగుసార్లు ప్రయత్నించాను. పలక కొట్టాను, ఇటుక పెట్టి సిమెంటు చేశాను. ప్రతిసారీ తెల్లారేసరికి అది గది లోపల నేలమీద, పగలకుండా, ఎవరో దింపి పెట్టినట్టు ఉండేది. అక్కడినుంచి వచ్చే చప్పుడు గాలిదని నేను రాయను, గాలిది కాదని కూడా రాయను. ఆరోగ్యమ్మకు ఊపిరి అందనప్పుడు అలాగే ఉండేది. ఎవరున్నా సరే, దాన్ని మూయవద్దు. ఆ గదిలోకి కుంపటి తేవద్దు.

7. పోయిన గురువారం ఆనందపురం బస్సెక్కాను. యేసుదానం బావి ఒరలు పోసుకుంటున్నాడు. తల నెరిసిపోయింది. నిలబడే అంతా చెప్పేశాను. చేతులకున్న సిమెంటు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలుసు బావా. ఆ దినం నీకన్నా ముందు నానే ఒచ్చినాను. తలుపు తోస్తే ఏడిగాలి మొకానికి కొట్టింది. మా అప్ప అప్పటికే పోయింది. గోనెలు అట్టుకెళ్ళి గెడ్డలో పారీసినాను. పోలీసులొత్తే నిన్ను ఒట్టుకుపోతారు. తల్లి లేని పిల్లకి తండ్రి కూడా లేకపోతే ఏటైపోద్ది?"

పదేళ్ళు నా నింద మోసినవాడి మాట ఇది. నాకు ఏడుపు కూడా రాలేదు. పడమటి గోనె కూడా నువ్వే తీశావా అని అడిగాను.

"లేదు. బయటున్న నిచ్చెన తెచ్చి నాను పీకినవి రెండే. పడమటిది అప్పటికే కిందుంది. నువ్వే తీసినావనుకున్నాను."

ఆ వెంటిలేటరు నా తలకన్నా మూడడుగుల పైన ఉంటుంది. అతను తెచ్చేదాకా నిచ్చెన ఆ రోజు బయట వానలోనే ఉంది. మీ అమ్మ మంచం దిగితే నాలుగడుగులు వేయలేని మనిషి. ఆమే తీసి ఉంటే మెలకువగా ఉండి, తెలిసి, గాలి కోసం ఎగబాకిందన్నమాట. ఆమె కాకపోతే ఇంకెవరో నాకు తెలియదు. ఈ రెంటిలో ఏది తలచుకున్నా ఊపిరాడదు.

8. నా తాపీ సామాను, వాచీ యేసుదానానికి. అంతకన్నా ముఖ్యం, ఐదో అంశాన్ని మన చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, ఒక్క మాట తగ్గించకుండా, అందరి ముందూ చదవాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నాతో క్రేను మీద పనిచేసిన అర్జునరావుకు అప్పగిస్తున్నాను. అతను మొహమాటస్తుడు. చదివేటప్పుడు గొంతు తగ్గించవద్దని చెప్పాను.

9. నా శవాన్ని ఆరోగ్యమ్మ పక్కన పెట్టాలని నేను కోరడం లేదు. ఆమె పక్కన జాగా ఉంది, పదేళ్ళ కిందట నేనే అడిగి ఉంచాను. అందులో నన్ను పెట్టాలా, సమాధుల తోట గేటు దగ్గర ఎక్కడైనా పెట్టాలా అన్నది ఇది చదివాక ఫ్లోరెన్స్ తేల్చాలి. గేటు దగ్గరే అంటే అక్కడే. పాస్టరుగారు గానీ, అర్జునరావు గానీ, యేసుదానం గానీ కారణం అడగకూడదు, నచ్చజెప్పకూడదు. అమ్మా, నువ్వు ఏది చెప్పినా అది సరైనదే.

తేదీ 19 జనవరి 1987, యారాడ దారి, విశాఖపట్నం.

(సంతకం) మద్దాల విజయరత్నం

మా ఎదుట చదువుకుని సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. బి. నాగమణి, నర్సు
2. ఎల్లాజీ, పడవ సరంగు (వేలిముద్ర)