నీ మూలల కోల్డ్ స్పాట్

అవ్వా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది అయింది. నీ పెద్ద మనవడు, మా అన్న, ఇప్పుడు సెలవు దొరికితే చాలు దయ్యాలను వెతుకుతుండు. నువ్వుంటే చీపురు తిరగేద్దువు.

నిన్న నీకు బువ్వ పెట్టి అందరం తిన్నంక, మిషిన్లు పట్టుకొని నీ అర్రలకు వచ్చిండు. చచ్చినోళ్ల గొంతు రికార్డర్ల పడితే దాన్ని ఈవీపీ అంటరట. "బతికున్నప్పుడు మా అత్త గొంతు బాన్సువాడ బస్టాండు దాంక ఇనబడేది, రికార్డరెందుకు?" అన్నది చిన్నమ్మ.

దయ్యం నిలబడ్డకాడ గాలి సల్లబడితే అది కోల్డ్ స్పాట్ అట. నువ్వు కూసొని బీడీలు చుట్టిన మూలకు పోంగనే వేడి కొలిచే మిషిన్ల అంకె దిగింది. అన్న మొఖం తెల్లబోయింది.

"అవ్వా, నువ్వేనా? ఒక్క గుర్తు చూపియ్యి" అన్నడు మెల్లగ.

నాకు నవ్వు ఆగలే. ఆ మూలకు తడి గోనెసంచి ఉంది. బీడీల ఆకు మెత్తబడాలని పొద్దుగాల తడిపి అందుల చుట్టి పెట్టింది నేనే, నువ్వు నేర్పిన తీరుగ. సంచి ఇప్పి చూపెట్టేసరికి ఇల్లంత నవ్వులే. అన్న గూడ నవ్విండు.

చిన్నమ్మ ఒక ఆకు తీసి వేళ్లతోని మడిచి చూసింది. ఆకు ఇరగలే. ఆమె నవ్వు ఆగింది. "అచ్చం మా అత్త తడిపినట్టే ఉంది గీ ఆకు" అన్నది.

అన్న మిషిని బంద్ చేసిండు. "గుర్తు దొరికింది" అన్నడు.

నేను తడిపిన ఆకు పెళుసని ఉన్నన్నాళ్లు తిడ్తివి. ఇగ తిట్టకు.

నీ మనవరాలు